కూపే బుక్ చేసే ముందు ఊరి స్పీడ్ బ్రేకర్ మీద తాడు పట్టి చూడండి

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. సొంతూరు మిర్యాలగూడ అవతల. రైస్ మిల్లు ఉన్న ఇల్లు కాబట్టి పైసలకు మరీ ఇబ్బంది లేదు. ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసి, "మామా, చిన్న స్పోర్ట్స్ కూపే ఒకటి చూసిన. బుక్ చేద్దామనుకుంటున్న. ఇప్పుడు తీస్కోకపోతే మల్ల దొరకదట" అన్నాడు.

"దొరకదని ఎవలన్నరురా?"

"షోరూమాయన."

ఇంకెవరంటారు! పొద్దున కలుద్దామని చెప్పి పడుకున్నా గానీ నాకూ నిద్ర పట్టలేదు. బండ్ల పిచ్చి మా ఇంట్లో వాడొక్కడికే కాదు. తర్వాత మూడు వారాలు మామాఅల్లుళ్లం కూర్చుని వేసిన లెక్కలే ఇక్కడ రాస్తున్నా. నల్లగొండ, పాలమూరు, సూర్యాపేట, వనపర్తి వైపు ఉండి ఇలాంటి బండి మీద మనసు పడ్డవాళ్లకు పనికొస్తాయి. హైదరాబాద్‌లోనే ఉండి హైదరాబాద్‌లోనే తిరిగేవాళ్ల లెక్క వేరు.

వాడు మొదట చూపించింది బీఎండబ్ల్యూ ఎం2. అసలు కూపే అంటే అదే. రెండే తలుపులు, వెనక్కి జారే పైకప్పు, ముందు మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, తోసేది వెనక చక్రాలు. 2023లో మన దేశానికి వచ్చినప్పుడు షోరూమ్ ధర 98 లక్షలు, 2024 చివర్లో మార్పులు చేసి తెచ్చినప్పుడు కోటీ మూడు లక్షలు. 480 హార్స్‌పవర్. ఆటోమేటిక్ అయితే నిలబడ్డ చోటు నుంచి నూరు కిలోమీటర్ల వేగానికి నాలుగు సెకన్లు. దీన్ని చిన్న కూపే అంటారు గానీ పొడవు 4.58 మీటర్లు. మన రోడ్ల మీద పెద్ద సెడాన్‌లా కనిపించే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ పొడవు 4.56. బండి చిన్నదేం కాదు, లోపల జాగా చిన్నది. వెనక సీట్లో మా అక్కను కూర్చోబెట్టి చూడమన్నా. "అమ్మ ముందల కూసుంటది" అన్నాడు. మరి బావ? జవాబు లేదు.

ఇక దారి సంగతి. నూటికి తొంభై మంది ఇంజన్ గురించి అడుగుతారు, నేను మాత్రం ముందు దారి గురించే అడుగుతా. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాకా 65వ నంబరు హైవే. అక్కడ తిరిగితే నల్లగొండ మీదుగా మిర్యాలగూడకు అద్దంకి రోడ్డు. అటు పాలమూరు వాళ్లకు 44వ నంబరు హైవే ఉంది: షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ చౌరస్తా, తుంగభద్ర దాటితే కర్నూలు. ఇవన్నీ ఏ బండికైనా బాగానే ఉంటాయి. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర 480 గుర్రాల బండీ 110 గుర్రాల బండీ పక్కపక్కనే పోతాయి. తేడా తెలిసేది లారీని దాటేటప్పుడు, టోల్ గేటు దాటి మళ్లీ వేగం అందుకునేటప్పుడు. ఆ నాలుగు సెకన్ల సంబరం నిజమే, కాదనను. దానికి కోటి పెట్టాలా అన్నది ఎవరి కోటి వాళ్ల ఇష్టం.

అసలు పరీక్ష హైవే దిగిన తర్వాత మొదలవుతుంది. మెయిన్ రోడ్డు నుంచి మా అక్క వాళ్లింటికి పదకొండు కిలోమీటర్లు. అందులో బడి ముందు ఒక స్పీడ్ బ్రేకర్, గుడి ముందు ఒకటి, ఎప్పుడో యాక్సిడెంట్ అయిన చోట రెండు, ఎందుకు పోశారో ఎవరికీ గుర్తులేని చోట ఇంకొన్ని. రోడ్ల ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉండాలి. అట్లుంటే ఏ కారైనా మెల్లగా ఎక్కి దిగుతుంది. మన ఊళ్లల్లో పోసేది ఆ లెక్కన కాదు. మిగిలిన సిమెంటు ఎంతుంటే అంత ఎత్తు, రోడ్డుకు అడ్డంగా పడుకున్న దిమ్మె లెక్క. దాని ముందు తెల్ల గీత కూడా ఉండదు.

ఈ సంగతి నాకు ఎట్లా తెలుసంటే, ఒకప్పుడు మోజుపడి కిందికి ఉండే పాత సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. దేవరకొండ అవతల ఒక పెండ్లికి పోతూ చీకట్లో స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. కింద టంగుమంది. ఏం కాలేదులే అని ఇంకో రెండు కిలోమీటర్లు పోయా. ఆయిల్ లైటు వెలిగాక గానీ ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ పగిలిందని తెలియలేదు. తలంబ్రాలకు అందలేదు, వాళ్లు పంపిన ట్రాక్టర్ మీద కూర్చుని భోజనాల వేళకు చేరా. బండి మాత్రం మరునాడు లారీ మీద హైదరాబాద్ పోయింది.

అందుకే మా వాడికి చెప్పిన ఉపాయం ఇది. రెండు చెక్క దిమ్మెలు తీసుకోండి. మీరు కొనాలనుకున్న బండికి కిందనుంచి ఎంత ఎత్తు ఉందో బ్రోచర్‌లో ఉంటుంది. అందులోంచి రెండున్నర సెంటీమీటర్లు తీసేయండి, మనుషులు ఎక్కి సామాను పెడితే బండి దిగుతుంది కదా. ఆ ఎత్తుకు దిమ్మెలు కోయించండి. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఉన్నంత దూరంలో స్పీడ్ బ్రేకర్‌కు అటొకటి ఇటొకటి పెట్టి, వాటి మీద తాడు బిగించి పట్టండి. తాడు సిమెంటుకు తగిలిందంటే బండి కడుపు కూడా తగులుతుంది. షోరూమ్‌లో ఏ సేల్స్ పిల్లవాడూ ఈ సంగతి చెప్పడు. పావుగంట పని, ఖర్చు లేదు.

ఈ పరీక్షకు ముందు పెట్టాల్సిన బండి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. తలుపుల లెక్కన ఇది కూపే కాదు, వెనక తలుపులున్న హ్యాచ్‌బ్యాక్. కానీ కూపే కొనాలనుకున్నవాళ్లలో సగం మందికి నిజంగా కావాల్సింది ఇదే అని నా నమ్మకం. 2025 మే నెలలో 53 లక్షల ధరకు వచ్చింది. రెండు లీటర్ల టర్బో ఇంజన్, 265 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లెక్కే) బలం, ఏడు గేర్ల ఆటోమేటిక్, నూరుకు 5.9 సెకన్లు. వెనక సీటు మనుషులు కూర్చునేటట్టే ఉంటుంది. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడతాయి, మిల్లు ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. నేల నుంచి ఎత్తు మాత్రం 136 మిల్లీమీటర్లు. మనం ఎక్కితే పదకొండు సెంటీమీటర్లు అనుకోండి. రోడ్స్ కాంగ్రెస్ లెక్కన పోసిన స్పీడ్ బ్రేకర్‌ను దాటుతుంది. మనూరి దిమ్మెను దాటుతుందో లేదో తాడు చెప్పాలి.

అదే కంపెనీ వర్టస్ జీటీ, ఒకటిన్నర లీటర్ టర్బోది, నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. 150 పీఎస్. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల భద్రత పరీక్షలో ఐదు స్టార్లు. డిక్కీ 521 లీటర్లు. చూడ్డానికి మామూలు సెడాన్, ఎవరూ ఫొటో తీసుకోరు, పెట్రోలు బంకు పిల్లలు చుట్టూ మూగరు. దాంట్లో మూడో గేరులో 250 న్యూటన్ మీటర్ల టార్కు తన్నినప్పుడు మాత్రం నవ్వు ఆగదు. ఇదే ఇంజన్ టైగన్, స్లావియా, కుషాక్ కార్లలో కూడా ఉంటుంది కాబట్టి దీన్ని విప్పి బిగించిన మెకానిక్కులు హైదరాబాద్‌లో చాలామంది. మనవైపు రోడ్లకు, మనవైపు ఇళ్లకు నా ఓటు దీనికే. హ్యుందాయ్ వెర్నా టర్బో 160 పీఎస్‌తో కాగితం మీద దీన్ని మించుతుంది, అదీ మంచి బండే. స్టీరింగ్ చేతికి ఆనే తీరు మాత్రం నాకు వర్టస్‌దే నచ్చింది.

ఇక ఎంజీ సైబర్‌స్టర్. కరెంటు బండి, రెండే సీట్లు, తలుపులు పైకి లేస్తాయి, టాపు వెనక్కి మడుచుకుంటుంది. 2025 జులైలో దాదాపు 75 లక్షలకు వచ్చింది. 510 పీఎస్, నూరుకు 3.2 సెకన్లు. మే నెలలో నల్లగొండ గడియారం సెంటర్లో టాపు తీసి పది నిమిషాలు నిలబడగలవా అని మావాణ్ని అడిగా. వాడే నవ్వాడు. అయినా దీన్ని తేలిగ్గా కొట్టెయ్యలేను, కారణం పన్ను. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు, ఆ విధానం 2026 డిసెంబర్ 31 దాకా. జీఎస్టీ కూడా వాటికి 5 శాతమే. పెట్రోలు బండి అయితే 75 లక్షల మీద లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) ఒక్కటే 13 లక్షలు దాటుతుంది.

మిగిలింది టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ లాంటివి. పైకప్పు కూపేలా జారుతుంది, కింద మాత్రం ఎత్తైన ఎస్‌యూవీ. 2024లో వచ్చాయి. బసాల్ట్ మొదలయింది ఎనిమిది లక్షల్లోపే, పెట్రోలు కర్వ్ పదికి కొంచెం తక్కువ. కర్వ్ నేలకు 208 మిల్లీమీటర్ల ఎత్తు, తాడు పరీక్ష అక్కర్లేదు. కావాల్సింది ఆకారమే అయితే ఇక్కడితో ఆగిపోండి, మిగతా సొమ్ముతో ఊళ్లో గుంట భూమి కొనుక్కోవచ్చు. పరుగు కావాలంటే మాత్రం ఇవి ఆకలి తీర్చవు. మావాడు కర్వ్ నడిపి వచ్చి "మంచిగుంది మామా" అన్నాడు గానీ ఆ మాటలో ఉప్పు లేదు.

పైసల లెక్కకు వస్తే, షోరూమ్ ధర చూసి మోసపోవద్దు. 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు మన రాష్ట్రంలో 2022లో లైఫ్ ట్యాక్స్ 18 శాతం చేశారు, 2025లో మళ్లీ పెంచారు. పాత 18 శాతమే పట్టుకున్నా జీటీఐకి తొమ్మిదిన్నర లక్షలు, ఎం2కు పద్దెనిమిదిన్నర లక్షలు. అంటే ఎం2 మీద కట్టే పన్నుకే దాదాపు ఒక వర్టస్ జీటీ వస్తుంది. మీ పేరు మీద ఇదివరకే ఇంకో కారుంటే 2 శాతం అదనం. పది లక్షలు దాటిన ఏ కారుకైనా షోరూమ్ వాళ్లు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుంటారు, అది మాత్రం పోయిన సొమ్ము కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించి సర్దుకోవచ్చు.

బీమాలో బండి విలువ ఎట్లా తగ్గుతుందో కూడా చూడండి. ఐదేళ్లు నిండే సరికి బీమా లెక్కలో విలువ సగమే. జీరో డిప్రిసియేషన్ (పగిలిన భాగానికి అరుగుదల కింద కోత వెయ్యని కవర్) లేకుండా ఇలాంటి బండికి పాలసీ తీసుకుంటే, బంపర్ పగిలిన రోజు ప్లాస్టిక్ భాగాల్లో సగం ఖర్చు మీ జేబులోంచే పోతుంది. మన దగ్గర మొదట పగిలేది బంపరే. వడ్డీకి తెచ్చి కొనేవాళ్లకు ఒక్క లెక్క చెప్తా: 40 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 64 వేల చిల్లర కిస్తీ. అదే 15 లక్షలైతే 24 వేలు.

టైర్ల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఎం2కు ముందు 19 అంగుళాలు, వెనక 20 అంగుళాల చక్రాలు, సైజు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి తిప్పుకోవడం కుదరదు. రబ్బరు పక్క గోడ మూడున్నర అంగుళాలంత. గుంతలో పడితే రబ్బరు ముడుచుకుని చక్రం అంచుకు, గుంత అంచుకు మధ్య నలుగుతుంది. పక్క గోడ ఉబ్బిందంటే ఆ టైరు పనైపోయినట్టే, పంక్చర్ వేసేవాడు కూడా ఏమీ చెయ్యలేడు. పైగా దాంట్లో స్టెప్నీ లేదు. రాత్రి పూట కేతేపల్లి దగ్గర ఆ టైరు పగిలితే, అదే సైజు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లోనే. చక్రాలన్నీ పైకెత్తి మోసే లారీ కూడా అక్కడి నుంచే రావాలి. ఏ బండి చూసినా డిక్కీ తెరిచి అడుగున ఏముందో చూడండి, టైరు సైజు రాసుకుని మీ ఊరి టైర్ల షాపులో ఒకసారి అడగండి. వాళ్లు తల గోక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

వడ్లు ఆరబోసే కాలం ఇంకో ముచ్చట. వానాకాలం పంటకు, యాసంగి పంటకు మన రోడ్లల్లో సగం కల్లాలే. రాత్రిపూట కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు, కిందికుండే బండి లైట్లకు అవి ఆలస్యంగా కనిపిస్తాయి. గడ్డి పరిచిన చోట పోతే ఆ గడ్డి బండి కిందికి చుట్టుకుని వేడెక్కిన పొగగొట్టానికి అంటుకునే ప్రమాదం ఉంది. ఎత్తున్న బండికి ఈ భయం తక్కువ, నేలకు ఆని పోయేదానికి ఎక్కువ. మిల్లు వాళ్లింటి పిల్లగాడికి ఇది నేను చెప్పాలా?

సరే, ఇవన్నీ విన్న తర్వాత కూడా మనసు కూపే మీదే ఉంటే, ఎక్కడ నడుపుతారో ఆలోచించండి. అందరూ శ్రీశైలం రోడ్డు అంటారు. డిండి దాటి మన్ననూరు నుంచి నల్లమల మొదలు, మలుపులు నిజంగానే బాగుంటాయి. కానీ అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను పోనివ్వరు, పగలు కూడా కోతులు, జింకలు రోడ్డు మీదికి వస్తాయి, అక్కడ వేగం చూపించడం పాపం. నా లెక్కన ఇలాంటి బండికి సరైన దారి పొద్దున ఐదింటికి జడ్చర్లలో 44వ నంబరు హైవే ఎక్కి బెంగళూరు దాకా పోవడం. ఏడాదికి అలాంటివి ఎన్ని పోతారు? మావాడు ఆలోచించి "రెండు" అన్నాడు.

కొత్తగా వచ్చిన బండిని వెంటనే బుక్ చెయ్యాలా, ఆగాలా అన్నదానికి నాది ఒక్కటే షరతు: నడపకుండా పైసలు కట్టొద్దు. ఇది చెప్పడం తేలికే. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025 అక్టోబర్‌లో మన దేశానికి 100 బండ్లే తెచ్చారు, ధర ప్రకటించకముందే అన్నీ అయిపోయాయి. జీటీఐ కూడా మొదటి విడత 150. అంత తక్కువ ఎందుకంటే, ఇక్కడ పరీక్షలన్నీ మళ్లీ చేయించకుండా కంపెనీ ఏడాదికి 2,500 బండ్ల దాకా బయటి నుంచి తెచ్చుకోవచ్చన్న నియమం కింద వచ్చేవి ఇవి. కాబట్టి దొరకదన్న షోరూమాయన మాట పూర్తిగా అబద్ధం కాదు. అయినా ఆగినవాళ్లు నష్టపోయారా అంటే, 2025 సెప్టెంబర్ 22న పెద్ద కార్ల మీద జీఎస్టీకి అదనంగా వేసే సెస్సు తీసేసి 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంచారు, ధరలు దిగాయి. మేలో ఆగమేఘాల మీద కొన్నవాళ్లకు ఆ సంగతి సెప్టెంబర్‌లో గుచ్చుకుని ఉంటుంది.

బుక్ చేస్తే మాత్రం మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. రద్దు చేసుకుంటే ఎంత వాపసిస్తారు, ఎన్ని రోజుల్లో. ధర బుక్ చేసిన రోజుదా, డెలివరీ రోజుదా. మామూలుగా డెలివరీ రోజుదే ఉంటుంది, ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. బండి తయారైన నెల, సంవత్సరం. డిసెంబర్ ఆఖర్లో తీసుకుంటే వారం తిరగకుండానే అది "పోయినేడు బండి" అవుతుంది, అమ్మేటప్పుడు ఆ మాటే ముందు వస్తుంది.

నా తీర్పు చెప్పమంటే ఇట్లా చెప్తా. ఇంట్లో ఒక్కటే కారు, వారం వారం ఊరికి పోవాలంటే వర్టస్ జీటీ, ఇంకేం చూడొద్దు. హైదరాబాద్‌లో కాపురం, ఊళ్లో నాన్నకు ఇంకో బండి ఉంది, పైసలకు ఇబ్బంది లేదంటే జీటీఐ, అదీ తాడు పాసయితేనే. ఎం2 కొనేవాళ్లకు సలహా అక్కర్లేదు, వాళ్లింట్లో మూడో నాలుగో కారు ఉండే ఉంటుంది. సైబర్‌స్టర్ నాకు ఆశ పుట్టిస్తుంది గానీ ఎండ వద్దంటుంది.

పోయిన ఆదివారం మావాడు దిమ్మెలు కోయించుకుని ఊరికి వచ్చాడు. జీటీఐ లెక్కన పదకొండు సెంటీమీటర్లు. తాడు రెండో కొస నేను పట్టుకున్నా. మెయిన్ రోడ్డు నుంచి ఇంటి దాకా మొత్తం తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు. వడ్ల లారీలు ఎక్కి ఎక్కి అరిగిపోయినవి ఆరు, తాడు వాటి మీదుగా గాలిలోనే పోయింది. బడి ముందుది, గుడి ముందుది తగిలాయి, కానీ పక్కన మట్టి మీదికి ఒక చక్రం దింపి తప్పించుకోవచ్చు. తొమ్మిదోది వాళ్ల ఇంటి ముందరే. పట్టుకున్న తాడు కంటే సిమెంటు దిమ్మె మూడు వేళ్లు పైకే ఉంది, అటూ ఇటూ గోడలు, తప్పుకునే దారి లేదు.

మిల్లు లారీలు పిల్లల మీదికి స్పీడుగా వస్తున్నాయని, మొన్నటి ఎండాకాలం మా బావ దగ్గరుండి పోయించింది అది. మావాడు చేతిలో తాడు పట్టుకుని గేటు దిక్కు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "నాన్నను నువ్వడుగు మామా" అన్నాడు చివరికి.